అద్దం కొలతకు కట్టిన మేడ

లండన్ హైడ్ పార్కులో క్రిస్టల్ ప్యాలెస్ తలుపులు తెరుచుకుని 2026 మే 1కి 175 ఏళ్ళు. ఇంటికి ఏ అద్దం వేయించాలా అని తర్జనభర్జన పడేవాళ్ళు ఆ కథ వినాలి.

పాంపేయి నగర స్నానశాలల కిటికీలకు రోమన్లు గాజు పలకలు బిగించారు. ఆ తరువాత శతాబ్దాల పాటు ఐరోపాలో కిటికీ అద్దం ఎక్కువగా చర్చిలదీ, కలిగినవాళ్ళదీ. 19వ శతాబ్దం నడిమికి బ్రిటన్‌లో ప్రధానంగా మూడు రకాలుండేవి. ఊది, గిరగిరా తిప్పి పరిచే క్రౌన్ గ్లాసుకు మెరుపెక్కువ. కానీ నడుమ బొడిపె మిగిలేది, పెద్ద ముక్కలు వచ్చేవి కావు. పోతపోసి, సానబట్టే ప్లేట్ గ్లాసు నునుపైనది, మహా ఖరీదు. గొట్టంలా ఊది, నిలువునా చీల్చి, వేడిమీద చదును చేసే షీట్ గ్లాసులో కాస్త అలలు కనిపించినా పొడుగు పలకలు చౌకగా వచ్చేవి.

క్రిస్టల్ ప్యాలెస్‌ను 1851 నాటి మహాప్రదర్శన (గ్రేట్ ఎగ్జిబిషన్) కోసం కట్టారు. ఆ భవనానికి వచ్చిన 245 నమూనాల్లో ఒక్కటీ కమిటీకి నచ్చలేదు. ఏడాది కూడా గడువు లేదు. అప్పుడు చాట్స్‌వర్త్ తోటలు చూసే జోసెఫ్ పాక్స్‌టన్, 1850 జూన్ 11న డెర్బీలో ఒక రైల్వే సమావేశంలో కూర్చునే అద్దుడు కాగితం మీద బొమ్మ గీశారు. రాజ్యం పరువు నిలబెట్టే భవనానికి ప్లేట్ గ్లాసు కావాలని ఆయన పట్టుబట్టలేదు, షీట్ గ్లాసే ఎంచుకున్నారు. ఆయన మీద నాకు గౌరవం అక్కడే. స్మెత్విక్‌లోని చాన్స్ బ్రదర్స్ ఊదించిన ఒక్కో పలక 49 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు. ఆ పొడవును బట్టే కప్పు వాలు, దాని మీది వాననీటి కాలువల మధ్య ఎడం కుదిరాయి. గాజు మీద పన్ను 1845లోనే రద్దయింది, అదీ కలిసొచ్చింది. కప్పు కాలువల అంచులే పట్టాలుగా చక్రాల బళ్ళు నడిచాయి. వాటిలో కూర్చుని 80 మంది ఒక్క వారంలో 18 వేలకు పైగా పలకలు బిగించారు! మొత్తం సుమారు 3 లక్షలు.

అయినా వానకు కప్పు కారింది, ఎండకు దానిమీద గుడ్డ పరచాల్సి వచ్చింది. తరువాత సిడెన్‌హామ్‌కు తరలిన ఆ మేడ 1936 నవంబరు 30న కాలిపోయింది.

1959లో పిల్కింగ్టన్ ప్రకటించిన, కరిగిన తగరం మీద గాజును తేల్చే ఫ్లోట్ పద్ధతి ప్లేటు, షీటు తగవును తీర్చేసింది. అక్కడి నుంచి కథ ఒక దారిన నడవదు: టఫెన్డ్, లామినేటెడ్, డబుల్ గ్లేజింగ్, లో-ఇ (వేడిని తిప్పికొట్టే పూత ఉన్నది), ఫ్రాస్టెడ్... హైదరాబాదు ఐటీ మేడలు నిలువెల్లా అద్దం తొడుక్కున్నాయి. మన ఎండను లెక్కచేయని అద్దం ఎంత అందంగా ఉన్నా తప్పు ఎంపికే.

మీరు ఇల్లు కట్టుకుంటుంటే, తల మీది కప్పుకు లామినేటెడ్ అడగండి. పగిలినా ముక్కలు పొరకు అంటుకునే ఉంటాయి. స్నానాలగది తలుపుకు టఫెన్డ్ సరిపోతుంది, పగిలితే మొద్దు అంచుల చిన్న ముక్కలవుతుంది. పడమటి కిటికీకి వేడిని ఆపే పూత ఉన్నది చూడండి. టఫెన్డ్ అద్దాన్ని తయారయ్యాక కోయడం కుదరదు, కొలతలు ముందే సరిచూసుకుని ఆర్డరివ్వండి.