కాదన్నవాళ్ళు చేసిన మేలు

మనం కొన్న షేరుని ఎవరైనా తప్పుపడితే మనసు చివుక్కుమంటుంది. ఆ కంపెనీ మనవాళ్ళదైతే ఇంక చెప్పక్కర్లేదు. అమెరికాలో ఉన్న మా తెలుగువాళ్ళకి సత్యం కంప్యూటర్స్ అలాంటిదే. 2001లో అది న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజికి ఎక్కినప్పుడు మురిసిపోయినవాళ్ళలో నేనూ ఉన్నాను.

2008 డిసెంబర్ 16న సత్యం ఓ బేరం ప్రకటించింది. ఛైర్మన్ రామలింగరాజు కొడుకులు నడిపే రెండు మేటాస్ కంపెనీలని సుమారు 160 కోట్ల డాలర్లతో చేజిక్కించుకుంటానంది. (ఇంగ్లీషు అక్షరాల్లో సత్యాన్ని తిరగేస్తే మేటాస్!) బోర్డులో పేరుమోసిన ప్రొఫెసర్లున్నారు. కొన్ని ప్రశ్నలు వేసి, చివరికి అందరూ సరేనన్నారు. వాటాదారులు మాత్రం ససేమిరా అన్నారు. సాఫ్ట్‌వేర్ కంపెనీకి రియల్ ఎస్టేట్ ఎందుకు? మా డబ్బు మీ ఇంటివాళ్ళ కంపెనీకి ఎందుకు? న్యూయార్క్‌లో ఆ ఒక్కరోజే షేరు సగానికి పైగా పడింది. గంటల్లోనే బేరం రద్దయింది.

మూడు వారాల తర్వాత, 2009 జనవరి 7న, రాజుగారి ఉత్తరం బయటికొచ్చింది. లెక్కల్లో చూపించిన 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనే లేవు! ఆ లేని ఆస్తుల చోట నిజమైనవి పెట్టడానికే మేటాస్ బేరమని ఆయనే ఒప్పుకున్నారు.

వద్దన్నవాళ్ళకి ఈ దొంగలెక్కల సంగతి తెలీదండీ. వాళ్ళడిగింది మామూలు ప్రశ్నే. వాళ్ళూ తలూపి ఉంటే, లేని డబ్బుని ఖర్చయిపోయినట్టు రాసి గొయ్యి పూడ్చేసేవారేమో!

అందుకే ఎవరైనా నా షేరు మంచిది కాదంటే, అతనిది అక్కసా, అజ్ఞానమా అని చూడను. అతనడిగినదానికి నా దగ్గర జవాబుందా అని మాత్రం చూసుకుంటాను.