కల్పసంఖ్యలో ఏడు

నిత్యసంకల్పంలో వైవస్వత మన్వంతరాన్ని స్మరించేవారు దాని ప్రమాణంలోని గణితాన్ని విచారించడం అరుదు. మహాయుగం 43,20,000 సౌరవర్షాలు. వేయి మహాయుగాలు ఒక కల్పం, అనగా 432,00,00,000 వర్షాలు. ఈ మహాసంఖ్యకు ప్రధాన కారణాంకాలు 2, 3, 5 మాత్రమే. ఒకటి మొదలు పది వరకు గల సంఖ్యలలో ఏడు ఒక్కటే దీనిని నిశ్శేషంగా భాగించదు. మనువులో, పదునలుగురు!

సూర్యసిద్ధాంతంలో దీనికి సమాధానం సంధికాలం. మనువుకు 71 మహాయుగాల చొప్పున పదునలుగురికి 994. శేషించినవి ఆరు. కృతయుగం 17,28,000 వర్షాలు, మహాయుగంలో పదింట నాలుగు పాళ్లు. అంతటి సంధి కల్పాదిలో ఒకటి, ప్రతి మన్వంతరాంతంలో ఒకటి. పదిహేను సంధులూ కలిసి సరిగా ఆరు మహాయుగాలు. ఇంతటి సమన్వయం యాదృచ్ఛికం కాజాలదు.

క్రీ.శ. 476లో జన్మించిన ఆర్యభటుడు సంధులను పరిత్యజించి, మనువుకు 72 యుగాలు విధించాడు. కల్పం 1008 యుగాలైనది. 628లో బ్రహ్మస్ఫుటసిద్ధాంతాన్ని రచించిన బ్రహ్మగుప్తుడు ఇది స్మృతివిరుద్ధమని ఖండించి, 71 యుగాల మతాన్నే నిలిపాడు. ఆయన ఆక్షేపం శాస్త్రప్రామాణ్య దృష్టితో సమంజసమే. అయితే ఆర్యభటుని సంఖ్యకూ ఒక గుణమున్నది: 1008 ఏడుతో నిశ్శేషంగా భాగింపబడుతుంది గనుక, ఆయన మతంలో ప్రతి కల్పమూ ఒకే వారంతో ఆరంభమవుతుంది.