రాతిగుట్టయు రాగిరేకును

సికింద్రాబాదున కీశాన్యమున మౌలాలి గుట్ట కలదు. దాని శిఖరమున దర్గా; పాదమున 1824లో మరణించిన కవయిత్రి మహలఖా బాయి చందా సమాధి. నడుమనున్న శిల వయస్సు సుమారు 250 కోట్ల యేండ్లు. 1806లో సికందర్ జా పేర వెలసిన మన నగర మా శిల యెదుట నిన్నటి పసికూన. ఇట్టి తారతమ్యమును చిన్న కాగితముపై చూపుట కెచింగు అను ముద్రణచిత్రకళ మిక్కిలి తగినదని మా యభిప్రాయము.

ఈ కళయందు రాగి లేక జింకు రేకుపై మైనపు పూత పూసి, సూదితో గీసి, ఆమ్లమున ముంచెదరు. సూది మైనమునే తొలగించును. లోహమును తినునది ఆమ్లము. దూరపు కొండల గీతలకు స్వల్పకాలము చాలును. పిమ్మట వానిని పూతతో కప్పి, దగ్గరి బండల గీతల నింకను నాననిత్తురు. లోతు తక్కువైన గీత లేతగాను, ఎక్కువైనది నల్లగాను అచ్చుపడును. కావున చిత్రమున మనము చూచు దూరము నిజమునకు ఆమ్లమున గడచిన కాలమే.

థామస్ డేనియల్, ఆయన సోదరుని కుమారుడు విలియం 1792-93లో దక్షిణదేశమున సంచరించిరి. 1795 మొదలు 1808 వరకు ‘ఓరియంటల్ సీనరీ’ పేర 144 చిత్రములను వెలువరించిరి. గుగ్గిలపు పొడి చల్లి, ఆమ్లముచే ఛాయలు తెచ్చు పద్ధతి వారిది. ఆ చిత్రములలో మనుష్యుడు మిక్కిలి చిన్నవాడు. పలుచోట్ల కొండ యెత్తును, కోవెల యెత్తును తెలుపు కొలమానము మాత్రమే. అది బాటసారి చూపు.

1940లో మెదకు సీమలోని నిజాంపూరున జన్మించిన లక్ష్మాగౌడ్ చూపు వేరు. హైదరాబాదున చదివి, బరోడాలో కె. జి. సుబ్రహ్మణ్యన్ శిష్యుడై, ఆయన తన యెచింగులలో పల్లెను నిలిపెను. అందు మనిషి, మేక, చెట్టు, బండ ఒకే గీతకు పుట్టిన తోబుట్టువుల వలె నుందురు. మనుష్యుడు ప్రకృతి యెదుట నిలిచిన ప్రేక్షకుడు కాడు, అందొక భాగము. ఇది ఊరివాని చూపు.

ఈ రెండు చూపులును మన కవసరమే. మొదటిది వినయమును, రెండవది బంధుత్వమును నేర్పును. ఈ రెంటిని మరచిన నగరము తన చుట్టునున్న బండలను మందుగుండుతో పేల్చి కంకర చేసికొనుచున్నది. 1996లో ఈ శిలల రక్షణకై హైదరాబాదున నొక సంఘ మేర్పడవలసి వచ్చెను. సంఘ మొక్కటియే చాలదు. పౌరుల మనస్సు మారవలెను. రేకు చెడినచో మరియొక రేకు గీయవచ్చును. పగిలిన గుట్టకు రెండవ ప్రతి లేదు.