రాతి గుణం మార్చిన బురద

1901 జనవరి 10న టెక్సాస్‌లో బ్యూమాంట్ దగ్గరి స్పిండిల్‌టాప్ దిబ్బ మీద చమురు ఎగజిమ్మింది. రోజుకు దాదాపు లక్ష పీపాలు! అంతకుముందు ఆ బావి తవ్విన హామిల్ అన్నదమ్ములను వదులు ఇసుక ముప్పుతిప్పలు పెట్టింది. తవ్విన కొద్దీ గోడలు కూలి రంధ్రం పూడిపోయేది. నీటిగుంటలోకి పశువులను తోలి తొక్కించి, ఆ బురదను గొట్టాల గుండా బావిలోకి పంపారని చెబుతారు. బురద గోడలకు మెత్తుకుని ఇసుకను నిలబెట్టింది.

1920లలో ఆ బురదకు బరువు తోడైంది. లోపలి గ్యాస్ ఒత్తిడిని తొక్కిపట్టడానికి లూసియానాలో బెన్ స్ట్రౌడ్ బరువైన ఖనిజాల పొడి కలిపాడు. వాటిలో బెరైటు స్థిరపడింది. మన మంగంపేట ముగ్గురాయి అదే. నీటికి నాలుగు రెట్లకు పైగా బరువు. బావిలో ఒత్తిడి అదుపు తప్పితే ఏమవుతుందో 1995లో కోనసీమలోని పాశర్లపూడి చూసింది. అక్కడ మంట రెండు నెలలకు పైగా ఆరలేదు.

బావిని కాపాడే ఈ బురద, అంటే మడ్, చమురు దాచుకున్న బండను ఏం చేస్తోందన్నది ఆలస్యంగా తెలిసింది. మడ్ గోడకు పొర కట్టేటప్పుడు అందులోని నీరు వడకట్టుకుని రాతిలోకి దిగుతుంది. ఇసుకరాతి రంధ్రాల్లోని బంకమన్నుకు అలవాటైంది ఉప్పునీరు. మంచినీరు తగిలితే అది ఉబ్బుతుంది, లేదా రేణువులుగా ఊడి ఇరుకు దారులను మూసేస్తుంది. చాలా రాళ్లు ఉప్పునీటిని పోనిచ్చినంతగా మంచినీటిని పోనివ్వవని 1945లో జాన్‌స్టన్, బీసన్ ప్రచురించిన కొలతలు చూపించాయి. మడ్‌లో పొటాషియం క్లోరైడ్ వంటి లవణాలు కలపడం వెనుక ఉన్న కారణాల్లో ఇదొకటి.

నీటితోనే కదా తంటా అని, నీటికి బదులు నూనె ప్రధానంగా ఉండే నూనె మడ్ వైపు మళ్లితే మరో చిక్కు ఎదురైంది. నూనెలో నీటి బిందువులు విడిపోకుండా ఉంచడానికి వేసే రసాయనాల్లో అమీన్ల వంటివి ధనావేశంతో ఉంటాయి. ఇసుకరాతి ఉపరితలానిది రుణావేశం. అందుకని అవి రాతికి అతుక్కుని, నూనెను ఇష్టపడే తోకలను బయటికి చాస్తాయి. అంతదాకా నీటిని పీల్చుకున్న రాతి మీద ఇప్పుడు నీటిబొట్టు చేమాకు మీద మాదిరి గుండ్రంగా నిలుస్తుంది. చమురేమో రంధ్రాల గోడలను పట్టుకుని వేలాడుతుంది, నీరు మధ్య దారిని ఆక్రమిస్తుంది. రంధ్రం మూసుకుపోకుండానే చమురు ప్రవాహం తగ్గిపోతుంది.

రాయి నీటిని ఇష్టపడుతుందా, నూనెనా అన్న ఈ గుణాన్ని కొలిచే పద్ధతిని 1959లో ఎర్ల్ అమాట్ ప్రచురించాడు. రాతి ముక్క తనంతట తాను ఎంత నీరు పీల్చుకుంది, బలవంతం చేస్తే ఇంకెంత పట్టింది అన్నదే అందులోని లెక్క. అయితే నూనె మడ్ వాడి బావి నుంచి తీసిన ముక్క దారిలోనే గుణం మార్చుకుని ప్రయోగశాలను తప్పుదారి పట్టించగలదు. ఇప్పుడు మడ్ ఎంచుకునే ముందే రాతి ముక్క గుండా చమురు పంపి కొలుస్తారు, మడ్‌ను దాని మీద ప్రవహింపజేస్తారు, మళ్లీ చమురు పంపి ఎంత తగ్గిందో చూస్తారు.