ప్రింటర్ పోయినా పోని తప్పు

మన కోనసీమలో స్కాలర్‌షిప్‌కైనా, లోనుకైనా ముందు వెళ్లేది జెరాక్స్ షాపుకే కదా. ఆధార్, పాస్‌బుక్, పొలం కాగితాలు అన్నీ ఆ ఒక్క కంప్యూటర్‌లోకే పంపిస్తాం. ప్రింట్ తీసుకుని వచ్చేస్తాం. ఫైలు మాత్రం అక్కడే ఉండిపోతుంది. అందుకే ఈ చరిత్ర మనకి కావాలి.

2021లో సెంటినెల్‌వన్ అనే సెక్యూరిటీ కంపెనీ వాళ్లు కొత్త హెచ్‌పీ ప్రింటర్ బిగించుకుంటుంటే, 2005 నాటి డ్రైవర్ ఒకటి కంటపడింది. పేరు ఎస్‌ఎస్‌పోర్ట్. కొత్త ప్రింటర్‌కి అంత పాత డ్రైవరేంటని తవ్వారు. అందులో 16 ఏళ్లుగా ఒక తప్పు ఉంది! హెచ్‌పీ, శాంసంగ్ మోడళ్లే 380కి పైగా, జెరాక్స్ కంపెనీవి ఇంకో డజను దాకా. (శాంసంగ్ ప్రింటర్ల వ్యాపారం 2017లో హెచ్‌పీ చేతికొచ్చింది.)

తప్పేంటంటే, వేరే ప్రోగ్రామ్ పంపిన అక్షరాల్ని ఈ డ్రైవర్ మెమరీలో కొంత జాగాలోకి కాపీ చేసుకుంటుంది. దానికి వాడిన ఫంక్షన్‌కి ఎన్ని అక్షరాలో హద్దు చెప్పాలి. చెప్పారు కూడా. కానీ ఆ హద్దుని పంపినవాడి దగ్గరే తీసుకున్నారు! మన కాలువ లస్కరు తూము ఎత్తేముందు బోదె ఎంత నీరు పడుతుందో చూస్తాడు. అది చూడకుండా అడిగినవాడు చెప్పినంతా వదిలేస్తే గట్టు పొర్లి పక్క చేను మునుగుతుంది. బఫర్ ఓవర్‌ఫ్లో అంటే ఇదే. ఇక్కడ పక్క చేను విండోస్ గుండెకాయ, అంటే కెర్నెల్. మామూలు అకౌంట్‌తో కూర్చున్నవాడు కంప్యూటర్ మొత్తానికి యజమాని అయిపోవచ్చు. తీవ్రత 10కి 8.8 అన్నారు. అయితే దూరం నుంచి నేరుగా చేయలేరు, ముందు ఆ మెషీన్‌లోకి ఎలాగోలా దూరాలి. రోజూ పది పెన్‌డ్రైవులు పెట్టే షాపులో అదెంత పని చెప్పండి?

ఇంకో విచిత్రం. ఈ డ్రైవర్‌ని మైక్రోసాఫ్ట్ ఇచ్చిన నమూనా కోడ్ చూసి రాసినట్టుందని పరిశోధకులు కనిపెట్టారు. నమూనాలో ఆ తప్పు లేదు. చూసి రాసిన పరీక్షలో తప్పు రాయడం అంటే ఇదేనేమో!

ఫిబ్రవరిలో హెచ్‌పీకి చెప్పారు, మేలో ప్యాచ్ వచ్చింది, జులైలో లోకానికి తెలిసింది. దీన్ని వాడి దాడి జరిగినట్టు అప్పటికి ఆనవాళ్లు దొరకలేదు.

మొన్న అమలాపురం వెళ్లినప్పుడు మేం ఎప్పుడూ వెళ్లే షాపులో అడిగాను. "బాబాయ్, ప్రింటర్ డ్రైవర్ అప్‌డేట్ చేశారా?"

"ఆయ్, ఆ పాత ప్రింటర్ ఎప్పుడో అమ్మేశామండి."

ప్రింటర్ అమ్మేశారు, కంప్యూటర్ అదే. ఈ డ్రైవర్‌కి ప్రింటర్ ఉండక్కర్లేదు, కంప్యూటర్ ఆన్ చేస్తే చాలు, అదీ లేస్తుంది. సిస్టమ్32లో డ్రైవర్స్ ఫోల్డర్ తెరిపించాను. ఉంది, పాత వెర్షనే. కంపెనీ సైట్‌లో మోడల్ పేరు కొట్టి ప్యాచ్ దింపి వేశాం. ఆ పనిలో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిస్తే, పోయినేడు నేను పంపిన నా ఆధార్ కూడా అందులోనే ఉంది. బాబాయ్‌కి చెప్పి డిలీట్ చేశాను. దాని కింద ఎవరెవరివో ఇంకా బోలెడున్నాయి.