ముఖం – చట్టం – పౌరహక్కు: ఒక చారిత్రక పరిశీలన

తెలుగు వాడుకలో ముఖం మనిషి పరువుకు మారుపేరు. తప్పు చేసినవాడికి నలుగురిలో ముఖం చెల్లదు. మాట తప్పినవాడు ముఖం చాటేస్తాడు. ఏ తప్పూ చేయకుండానే ముఖం చాటేయవలసి వచ్చినవారి మాటేమిటి? కాలిన గాయాలు, గ్రహణమొర్రి, కుష్ఠు, కణితులు, యాసిడ్ దాడుల వంటి కారణాల వల్ల ముఖరూపం భిన్నంగా ఉన్న వయోజనులు ఉద్యోగంలో, అద్దె ఇంటి దగ్గర, పెళ్లి మాటల్లో వివక్షను ఎదుర్కొంటారు. ఆ వివక్షను చట్టం ఏ దశలో ఎలా చూసిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

తొలిదశలో వివక్షే చట్టమైంది. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరం 1867లో, షికాగో 1881లో చేసిన శాసనాలు, చూసేవారికి ఏవగింపు కలిగించే రూపం గలవారు వీధుల్లో కనిపించడాన్ని శిక్షార్హం చేశాయి. భిక్షాటనను అణచడం వీటి ఉద్దేశాల్లో ఒకటి. షికాగో శాసనం 1974 వరకు రద్దు కాలేదు. ఇక్కడ నేరం చేతలో లేదు, రూపంలో ఉంది.

భారతదేశంలో ముఖం మరో దారిలో చట్టంలోకి వచ్చింది. 1860 నాటి భారత శిక్షాస్మృతి 320వ సెక్షన్, తలను గాని ముఖాన్ని గాని శాశ్వతంగా వికృతపరచడాన్ని తీవ్రగాయాల్లో చేర్చింది. గాయపరచినవాడి నేరం ఎంతటిదో కొలవడానికి ఇది అవసరమే. అయితే ఈ దృష్టిలో బాధితురాలి ముఖం కేవలం సాక్ష్యం. సాక్ష్యం ముగిశాక ఆమె ఎలా బతకాలన్నది శిక్షాస్మృతి పరిధిలోకి రాదు. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినులపై యాసిడ్ దాడి జరిగింది. వారిలో ఒకరు మరణించారు. నిందితులు ముగ్గురూ కొద్దిరోజుల్లోనే పోలీసు కాల్పుల్లో చనిపోయారు. నిందితుల మరణంతో కేసు కథ ముగియవచ్చు. బతికి బయటపడిన మనిషి కథ అక్కడే మొదలవుతుంది.

2013లో శిక్షాస్మృతిలో చేరిన 326ఎ సెక్షన్ యాసిడ్ దాడికి కనీసం 10 ఏళ్ల జైలుశిక్ష విధించింది. అదే ఏడాది సుప్రీంకోర్టు లక్ష్మి కేసులో యాసిడ్ అమ్మకాలపై ఆంక్షలు పెట్టి, కనీసం 3 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని ఆదేశించింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మరో అడుగు ముందుకు వేసి, యాసిడ్ దాడి బాధితులను చలన వైకల్యం కింద చేర్చింది. దానివల్ల వారు ఉద్యోగ రిజర్వేషన్‌కు అర్హులయ్యారు.

అయితే ఇక్కడొక చిక్కు ఉంది. చట్టం ముఖాన్ని కాక, ముఖం మారిన కారణాన్ని చూసింది. వంటగదిలో స్టౌ పేలి ముఖం కాలినవారు, కణితులతో ముఖం మారినవారు కదలికకు లోపం లేకపోతే ఆ షెడ్యూలులో తమ స్థానం వెతుక్కోవలసిందే. వైకల్యానికి చట్టం ఇచ్చిన సాధారణ నిర్వచనం విశాలమైనదే. కాని ధ్రువపత్రం, రిజర్వేషన్ షెడ్యూలునూ శాతాలనూ అంటిపెట్టుకొని ఉంటాయి. బ్రిటన్ 1995 నాటి చట్టంలోనూ తర్వాత 2010 సమానత్వ చట్టంలోనూ మరో మార్గం అనుసరించింది. తీవ్రమైన రూపభేదం ఉంటే, అది రోజువారీ పనులకు అడ్డమని విడిగా నిరూపించనక్కరలేదు. అడ్డంకి ఇతరుల చూపులో ఉండవచ్చునని ఆ చట్టం అంగీకరించినట్లయింది.

ఆ చూపు నేడు యంత్రానికీ వచ్చింది. బ్యాంకు ఖాతాకో ఫోను సిమ్‌కో కెమెరా ముందు కన్ను ఆర్పి చూపమంటే, రెప్పలు కాలిపోయినవారు ఏం చేయగలరు? సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న ఈ ప్రశ్నకు జవాబిస్తూ, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని తీర్పు చెప్పింది. రెప్ప ఆర్పడం తప్ప వేరే పద్ధతులూ ఉండాలని ఆదేశించింది. లోపం ముఖంలో లేదు, దానిని పరీక్షించే పద్ధతిలో ఉంది అన్నది ఈ తీర్పు సారాంశం.

నేరంగా, గాయంగా, వైకల్యంగా, చివరకు హక్కుగా సాగిన ఈ క్రమాన్ని తెలుగు పరిశోధకులు భాషవైపు నుంచి కూడా చూడాలి. కురూపి, అనాకారి, అందవికారం – ఈ మాటలన్నీ చూసేవారి తీర్పులే. ఆ ముఖంతో జీవించేవారి మాటలు కావు. చట్టాలను తెలుగులోకి తెచ్చేటప్పుడు వికృతి అన్న మాట ఆ తీర్పునే మళ్లీ మోసుకొస్తుంది. ముఖభేదం వంటి నిష్పాక్షికమైన మాట వాడుకలోకి రావడం, చట్టం ఇచ్చిన హక్కు ఇంటి గడప దాకా చేరడానికి అవసరమైన పనుల్లో ఒకటి.