చెమ్మ చెప్పే చరిత్ర

నీరు తన చోటు విడిచి బయటికి వచ్చే తీరును చెప్పడానికి మన భాషలో ఎన్ని క్రియలున్నాయో గమనించారా? చెమర్చడం, ఊరడం, కారడం, ఒలకడం, చిమ్మడం. ఇవి పర్యాయపదాలు కావనీ, ఒక్కొక్కదానికీ ఒక్కొక్క అర్థచ్ఛాయ ఉన్నదనీ తరగతి గదిలో ఏళ్ల తరబడి చెప్పాను. ఆ భేదం యంత్రాన్ని బాగుచేయడానికి కూడా అక్కరకు వస్తుందని పదవీ విరమణానంతరం తెలిసింది.

ఇంగ్లండులో స్థిరపడిన మా అబ్బాయి ఒక చలికాలపు రాత్రి ఫోను చేశాడు. అక్కడి ఇళ్లలో బాయిలరు నీటిని కాచితే, ఒక చిన్న పంపు ఆ వేడినీటిని గదుల్లోని రేడియేటర్లకు పంపి, చల్లబడిన నీటిని వెనక్కి తెస్తుంది. ఇల్లు వెచ్చగా ఉండడానికి ఆ పంపే ఆధారం.

"బాపూ, పాత పంపు తీసేసి కొత్తది పెట్టించిన. అయినా నీళ్లు కారుతున్నయ్. ఇది గూడ ఖరాబే అయి ఉంటదా?" అన్నాడు.

"కారుతున్నయా, చెమరుస్తున్నదా? చుక్క ఏడ పుడుతుందో చూసినవా బిడ్డా? పంపు కొత్తదే, మరి వాషరు కొత్తదేనా?" అని అడిగాను.

నాకు బాయిలరు తెలియదు. నేను కాటారం వాణ్ణి. నాకు తెలిసినది చేతిపంపు. అయినా ఆ ప్రశ్న సరైనదే అయింది. ఎందుకో చెప్పాలంటే కొంత చరిత్ర చెప్పాలి.

మా తాతల కాలంలో నీరు తోడినది మోట. ఎడ్లు వెనక్కి ముందుకు నడుస్తుంటే, మోకుకు కట్టిన బొక్కెన, దాని తోలు తొండం బావిలోంచి పైకి వచ్చేవి. దారి పొడుగునా నీరు ఒలుకుతూనే ఉండేది. అది ఎవరికీ దోషంగా తోచలేదు. ఒలికిన నీరు మళ్లీ ఆ బావిలోనే పడుతుంది గదా! పంపు సంగతి అట్లా కాదు. లోపల సందు లేకుండా మూసుకొని ఉన్నప్పుడే అది నీటిని లాగగలదు, తోయగలదు. కనుక కదిలే భాగానికీ కదలని భాగానికీ నడుమ ఉన్న సందును ఎట్లా మూయాలి అన్నదే పంపుల చరిత్రలో మూలప్రశ్న.

ఇంగ్లండులో 1712లో న్యూకొమెన్ గనుల నీరు తోడడానికి ఆవిరి యంత్రం నిలిపాడు. గుండ్రని స్తంభకోశంలో ముషలకం సరిగా పట్టదు. అందుకని దాని అంచుకు తోలు చుట్టి, పైన కొంత నీరు నిలువ ఉంచాడు. 1769లో పేటెంటు పొందిన జేమ్స్ వాట్‌కు ఆ ఉపాయం పనికిరాలేదు. ఆయన యంత్రంలో స్తంభకోశం ఎల్లప్పుడూ వేడిగా ఉండాలి, నీరు పోస్తే చల్లబడుతుంది. విల్కిన్సన్ 1774లో రూపొందించిన తొలిచే యంత్రం వచ్చి, కోశం లోపలి గుండ్రదనం సరిగా కుదిరిన తర్వాతనే ఆ చిక్కు చాలావరకు తీరింది.

తిరిగే ఇరుసు ఉన్న పంపులకు కొవ్వు పట్టించిన నారను ఇరుసు చుట్టూ కూరి బిగించేవారు. ఇక్కడొక విశేషం ఉన్నది. దానిని బొత్తిగా చుక్క రాకుండా బిగిస్తే ఇరుసు రాపిడికి వేడెక్కి పాడవుతుంది. చుక్క చుక్కగా రాలడమే దాని ఆరోగ్యం. నేటి మోటార్లలోని సీలులో నునుపుగా సానపట్టిన రెండు బిళ్లలు ఒకదానినొకటి ఒరుసుకుంటూ తిరుగుతాయి, నడుమ పలుచని నీటిపొరే వాటికి రక్ష. నీరు లేకుండా మోటారు వేస్తే మొదట చెడేది ఆ సీలే.

ఇళ్ల బాయిలరు పంపు 1929 ప్రాంతంలో జర్మనీలో ఓప్లెండర్ చేతిలో రూపుదిద్దుకొన్నది. తరువాతి రోజుల్లో మోటారులో తిరిగే భాగాన్నే నీటిలో ఉంచారు. ఇరుసు బయటికి వచ్చే చోటే లేదు గనుక అక్కడ కారే ప్రసక్తీ లేదు. అటువంటి పంపు కొత్తగా అమర్చిన వెంటనే తడి కనిపిస్తే మొదట చూడవలసినది అతుకులనే. మా వాడు పంపును ఆపి, చల్లారనిచ్చి, గుడ్డతో తుడిచి, కింద కాగితం పరిచాడు. చుక్క కింది అతుకు దగ్గర పుట్టింది. వేడికి బిరుసెక్కిన పాత వాషరునే అమర్చినవారు మళ్లీ వేశారు. ఆ అంచు గీకి శుభ్రం చేసి కొత్త వాషరు వేయగానే తడి ఆరింది.

ఈ పాఠం నాకు నేర్పినది మా బడి ఆవరణలోని ఇండియా మార్క్ టూ పంపు. 1970లలో యూనిసెఫ్ సాయంతో మన దేశంలోనే రూపొందినది అది. అంతకుముందు వేసిన పోత ఇనుప పంపులు ఊరంతటి వాడకానికి తట్టుకోలేక మూలపడ్డాయి. మార్క్ టూ గట్టిదే, కాని దాని ప్రాణం భూమి లోపలి తోలు వాషర్లలో ఉన్నది. ఒక వేసవిలో నీరు రావడం మానింది. బాగుచేయ వచ్చినవారు పైన కొత్త తల బిగించి వెళ్లారు. చేయి నొచ్చేదాకా కొట్టినా నీరు రాలేదు. అరిగినది అడుగున ఉన్న వాషరు. దానిని మార్చాలంటే గొట్టాలన్నీ పైకి లాగాలి, అందుకు మనుషులు కావాలి. ఆ పని జరిగేవరకు ఆడపిల్లలు బిందెలతో దూరపు బావికి నడిచి, మొదటి గంట పాఠం ముగిశాక బడికి వచ్చేవారు. హాజరు పట్టీలో నేను వేసిన సున్నలు వారివి కావు, ఆ వాషరువి. తరువాత వచ్చిన మార్క్ త్రీలో గొట్టం వెడల్పు చేసి, గొట్టాలు తీయకుండానే ముషలకాన్ని పైకి లాగే వీలు కల్పించారు. బాగుచేయడం తేలిక కావడం కూడా యంత్రానికి ఒక గుణమని గుర్తించిన మార్పు అది.

మాకు ఉత్తరాన, మహదేవపూర్ మండలం కన్నెపల్లిలో ఒక్కొక్కటి 40 మెగావాట్ల పంపులు 17 నిలిపారు. 2022 జూలై వరదలో రక్షణ గోడ కూలి ఆ పంపుహౌసు మునిగింది. 2023 అక్టోబరులో దగ్గరలోని మేడిగడ్డ బ్యారేజి పియర్లు కుంగాయి. బడి పంపుకూ వీటికీ పోలిక చిన్నదే కావచ్చు. కాని యంత్రం ఘనత దాని చుట్టూ ఉన్న గోడమీద, కింద ఉన్న నేలమీద ఆధారపడి ఉంటుందన్న సత్యం రెంటికీ ఒక్కటే.

కొత్తది తెచ్చినంత మాత్రాన పాత దోషం పోదు. తుడిచి, ఆగి, మొదటి చుక్క ఎక్కడ పుడుతున్నదో చూసే ఓపిక కావాలి. అది చెమర్చుతున్నదా, ఊరుతున్నదా, కారుతున్నదా అని అడగడానికి మాటలు మన పెద్దలు మనకు ఇచ్చే పోయారు.